ఎడమ పక్క ఖాళీ

లోమ్, 28 నవంబరు 2001

ఒరేయ్ కమెన్,

ఫోన్ చెయ్యకుండా ఉత్తరమేమిటని అనుకోకు. ఒకే లైను మీద మేమూ పక్కింటి దోనా వేలాడుతున్నాం కదా. నేను ఫోనెత్తి ఏడిస్తే అది కూడా అటునుంచి ముక్కు చీదుతుంది. ఎవరి ఏడుపు ఎవరిదో తెలియకుండా పోతోంది.

మా బోయాన్ పోయిన తొమ్మిదో రోజు ప్రార్థన అయింది. మీ అమ్మ చెప్పే ఉంటుంది.

నీతో ఒక పని పడింది. బోయాన్ డిసెంబరు ఏడో తారీకు వియన్నా బస్సుకి వేసవిలోనే సీటు తీసి పెట్టుకున్నాడు. వీసా లేకుండా వెళ్ళనిచ్చే మొదటి చలికాలం ఇదేనమ్మా అని రోజూ ఒకటే పాట. రేవులో క్రేను మీద కూర్చునేవాడికి ఆ ఊళ్ళో మనుషుల్ని పైకి తిప్పి దించే పెద్ద చక్రం ఎక్కాలని కోరిక. “పైకెక్కి, ఏ బరువూ ఎత్తకుండా ఊరికే కూర్చునే చోటు ఒకటుందట” అనేవాడు. ఆ సీటు రద్దు చేద్దామా అని ఏజెన్సీ అమ్మాయి అడిగింది. వద్దన్నాను.

నలభయ్యో రోజుదాకా ఆత్మ ఇక్కడే తిరుగుతుందని నీకు తెలుసు. చూసిన చోట్లూ చూడాలనుకున్న చోట్లూ చుట్టి వస్తుంది. లోమ్‌లో వాడు చూడనిది ఏముంది? ఆ బస్సెక్కి తీరతాడు. ఒంటరిగా ఎందుకు వెళ్ళాలి? నువ్వెళ్ళు. వాడి సీట్లో కూర్చో. వాడి కెమెరా పంపిస్తున్నాను. ఏ ఫొటో తీసినా ఎడమ పక్క చోటు వదులు. వాడికి కుడి చెవే పనిచేసేది కాబట్టి ఎప్పుడూ మనకి ఎడమ పక్కనే నడిచేవాడు, గుర్తుందిగా.

నాకు పిచ్చెక్కిందని మీ అమ్మతో అనకు. నాకు వాడి మొహం చూపించలేదురా. లారీ గుద్దిందనీ చూడకూడదనీ పెట్టె మూసే తెచ్చారు. నేను చెక్కకి ముద్దు పెట్టాను. పోయాడు, పోయాడు అని నోటితో అంటున్నాను గానీ ఆ మాట గొంతు దాటి కిందకి దిగడం లేదు. డిసెంబరు ఇరవై తొమ్మిది, శనివారం, నలభయ్యో రోజు. ఆ రోజు నేనే వాడిని పంపించెయ్యాలి. ఈలోగా ఒక్కసారి ఊరు చూసి రానీ.

మీ పెద్దమ్మ వెలిచ్కా

*

సోఫియా, 1 డిసెంబరు 2001

లోమ్ పట్టణము, రేవు వీధి వాస్తవ్యురాలు, శ్రీమతి వెలిచ్కా పెద్దమ్మ గారి దివ్య సముఖమునకు, సోఫియా విశ్వవిద్యాలయమున మూడవ సంవత్సరమును రెండవ పర్యాయము దీక్షతో చదువుచున్న కమెన్ సవినయముగా చేసుకొను విన్నపము.

తమరి ఆజ్ఞ అందినది. కెమెరా కూడా అందినది. ఇది కెమెరా కాదు పెద్దమ్మా, తోలు సంచీలో పెట్టిన ఇటుక. బోయాన్‌గాడు దీన్ని మెడలో వేసుకు తిరిగీ తిరిగీ మెడ వంగి, అందుకే చర్చిలో అందరికన్నా భక్తుడిలా కనిపించేవాడు.

వెళ్తాను. ఇందులో నా స్వార్థం కూడా కొంచెం ఉంది. నేను వియన్నా వెళ్తున్నానంటే మా హాస్టల్లో ఇన్నాళ్ళూ నా మొహం చూడని ముగ్గురమ్మాయిలు పొద్దున్నే “నమస్తే” అన్నారు. ఎవరి సీట్లో వెళ్తున్నానో వాళ్ళకి చెప్పలేదు. చెబితే ఆ నమస్తేలు వేరే రకంగా మారిపోతాయి.

చొక్కా మీద నల్ల రిబ్బను తియ్యలేదు. అమ్మ దాన్ని పిన్నీసుతో కాకుండా దారంతో కుట్టేసింది, నా మీద అంత నమ్మకం.

ఎడమ పక్క వదులుతాను. చిన్నప్పటి నుంచీ వాడికే వదులుతూ వచ్చాను, మంచం మీద కూడా. కొత్తగా నేర్చుకోవలసింది ఏమీ లేదు.

తమ విధేయుడు,
కమెన్

*

వియన్నా, 9 డిసెంబరు 2001

పెద్దమ్మా,

ఈ ఉత్తరం నీకు చేరేసరికి నేనే తిరిగొచ్చేస్తానేమో. అయినా వియన్నా ముద్ర పడ్డ కవరు వస్తే దోనా కళ్ళు కుట్టాలని రాస్తున్నాను.

ఊరు ఎలా ఉందంటావా? కడిగి, తుడిచి, ఎవరూ ముట్టుకోకుండా అద్దాల బీరువాలో పెట్టిన భోజనాల సెట్టులా ఉంది. మూడు దాటితే వెలుతురు మూట సర్దుకుంటుంది. నాలుగింటికి చీకటి. ఫొటోలు తీసేవాడికి పగటి వెలుతురు ఓ నాలుగు గంటలు, అంతే. మిగతా పొద్దంతా ముక్కు ఎక్కడుందో వేలితో తడుముకుని చూసుకోవడమే పని.

బస్సులో నా వెనక సీటు పెన్కా టీచరమ్మది. భూగోళం చెప్పి రిటైరయింది గానీ భూగోళం మీద పెత్తనం మాత్రం వదల్లేదు. నిన్న నేను ఒక కంచు గుర్రాన్ని ఫొటో తీస్తుంటే వెనక నుంచి వచ్చింది.

“బాబూ, నీకు మెల్లకన్నా?”

“లేదండీ.”

“మరి ఆ గుర్రాన్ని నడి మధ్యలో పెట్టకుండా మూలకి నెట్టావేం? ఎడమ పక్కంతా బోడిగా ఉంది.”

“అక్కడ ఒకడికి చోటు వదిలానండీ.”

“ఎవడికి?”

“వస్తున్నాడు.”

ఆవిడ నా వంక చూసింది. తర్వాత నా చొక్కా మీద రిబ్బను వంక చూసింది.  సంచీలోంచి ఇంటి నుంచి తెచ్చుకున్న బనీత్సా రొట్టె ముక్క తీసి చేతిలో పెట్టింది. చలికి అట్టముక్కలా గట్టిపడిపోయింది. అయినా తిన్నాను. అప్పటినుంచీ నేను కెమెరా ఎత్తితే చాలు, మా బస్సు వాళ్ళందరినీ కోళ్ళని అదిలించినట్టు కుడి పక్కకి తోలేస్తోంది. “జరగండి, జరగండి, అటు పక్క ఖాళీ ఉండాలి.” ఎందుకని ఒక్కరూ అడగలేదు. ఆవిడ గొంతు విన్నాక అడిగే ధైర్యం ఎవరికి?

మన దన్యూబ్‌ని చూశాను. ఊరి మధ్యలో పారేది దన్యూబ్ కాదట, దాని పిల్లకాలవట. అసలుదాన్ని ఊరి చివరికి నెట్టేశారు, తాగి గొడవ చేసే చుట్టాన్ని పెళ్ళిలో చివరి బల్ల దగ్గర కూర్చోబెట్టినట్టు. నేను పని కట్టుకుని ట్రామెక్కి వెళ్ళి పలకరించాను. అదే బురద రంగు. పాటల్లో నీలం అని పాడినవాళ్ళు ఎవరో గానీ ఒక్కసారి లోమ్ రేవుకి వచ్చి ఉంటే బాగుండేది. అక్కడ ఒకటి తీశాను, ఎడమ పక్క చోటుతో. నీళ్ళు మనవైపే వస్తున్నాయి.

సాయంత్రం సంతలో వేడి ద్రాక్షసారా తాగాను. ఆ అమ్మే ఆవిడ “ఇంకోటా?” అంది. మనం కాదనడానికి తల ఎగరేసి దించుతాం కదా, ఆవిడకి అది అవుననట. ఇంకోటి పోసింది. మళ్ళీ అడిగింది, మళ్ళీ కాదన్నాను, మళ్ళీ పోసింది. చివరికి మా బస్సు రెండో డ్రైవరు గెంకో వచ్చి, సాసేజీ నోట్లో పెట్టుకునే నా తలని రెండు చేతులతో పట్టుకుని అడ్డంగా తిప్పాడు. అప్పుడు ఆపింది. నా ప్రాణదాత.

రేపు పెద్ద చక్రం దగ్గరికి. పైకెక్కుతాను. ఏమీ ఎత్తకుండా కూర్చుని వస్తాను.

నీ
కమెన్ (కొంచెం తూలుతూ)

*

సోఫియా, 12 డిసెంబరు 2001

పెద్దమ్మకి,

వచ్చేశాను. రీలు కడిగించాను. ఇదిగో నా కళాఖండాలు. సగం నల్లగా ఉన్నాయి, అవి వియన్నా రాత్రులు. రెండు తెల్లగా ఉన్నాయి, అవి నా తెలివితేటలు. మిగిలినవన్నీ పంపిస్తున్నాను.

కంచు గుర్రం, ట్రాము, నది, మంచు పడ్డ తోట, కిటికీలో కూర్చుని నన్ను చీదరగా చూసిన పిల్లి, పెద్ద చక్రం. చక్రం ఎక్కాను పెద్దమ్మా. ఎర్ర పెట్టెలో నిలబెట్టి మెల్లగా తిప్పుతారు. పైన ఒకచోట ఆగింది. ఊరంతా కప్పులే. నేను చాలాసేపు ఏ జోకూ వెయ్యలేదు. ఇది చరిత్రలో నమోదు కావలసిన సంగతి. అక్కడ ఫొటో తియ్యలేదు, అద్దానికి ఆవిరి పట్టింది. దిగాక కింద నుంచి తీశాను, ఎడమ పక్క వదిలి.

కమెన్

*

లోమ్, 15 డిసెంబరు 2001

కమెన్, నా నాయనా,

దొరికాడు.

నిన్న మధ్యాహ్నం కవరొచ్చింది. కిటికీ దగ్గర కూర్చుని ఒక్కోటీ చూస్తున్నాను. గుర్రం దగ్గర ఖాళీ. ట్రాము దగ్గర ఖాళీ. నది దగ్గర ఎంతోసేపు చూశాను, ఖాళీ. తర్వాత చక్రం. ఎడమ అంచున మనిషి! వీపు ఇటు పెట్టి నించున్నాడు. తల మీద నీలం టోపీ. ఎడమ భుజం జారి ఉంది. క్రేను మీటలు లాగీ లాగీ వాడికి అలాగే అయింది కదరా. తల కాస్త ఎత్తి చక్రాన్నే చూస్తున్నాడు.

ఆ టోపీ నేనల్లిందే. లారీ గుద్దిన చోట ఎంత వెతికినా దొరకలేదని పోలీసులన్నారు. ఎలా దొరుకుతుంది? పెట్టుకుని వెళ్ళాడు.

నోట్లోంచి ఆవిరి వస్తోంది కమెన్. భూతద్దం పెట్టి చూశాను. దోనాని పిలిచి చూపించాను, అది కూడా అవునంది. ఊపిరి ఉంటేనే కదా ఆవిరి వచ్చేది?

నువ్వు వాడిని చూశావా? ఫొటో తీసేటప్పుడు కనిపించాడా? ఇటు తిరిగాడా? నాకు భయమేస్తుందని నువ్వు రాయలేదేమో. ఏమీ దాచకు. ఉన్నదున్నట్టు రాయి.

పెద్దమ్మ

*

సోఫియా, 17 డిసెంబరు 2001

మహారాజశ్రీ పెద్దమ్మ గారి న్యాయస్థానమునకు, ఫొటోగ్రాఫరు కమెన్ చేయు ప్రమాణ వాంగ్మూలము.

సత్యము చెప్పెదను, సత్యము తప్ప వేరొకటి చెప్పను. మీట నొక్కినప్పుడు ఎడమ పక్క ఎవ్వరూ లేరు. పెన్కా టీచరమ్మ అందరినీ కుడి పక్కకి తోలేసింది. నేను కెమెరా కంటిలోంచి స్వయంగా చూశాను. మనిషి కాదు గదా, పావురం కూడా లేదు. ఫొటో ఇంకోటి తీయించి నేనూ చూశాను, ఆ నీలం టోపీ ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకూ తెలియదు. ఫొటోలు కడిగినవాడి దగ్గరికెళ్ళి అడిగాను. “నేను కడిగేది రీలు బాబూ, మనుషుల్ని కలపను” అన్నాడు.

ఏం చెప్పమంటావు? టికెట్ వాడి పేరు మీదే ఉంది. వచ్చి ఉంటే వాడి హక్కు. నాకు చెప్పకుండా వచ్చి చెప్పకుండా వెళ్ళాడంటే అది కూడా వాడి పద్ధతే, నా సైకిలు తీసుకెళ్ళేవాడు కూడా అలాగే.

ఇక లోకవార్తలు. నాకు ఉద్యోగం దొరికింది. పెద్ద బట్టల షాపులో క్రిస్మస్ తాత. ఎర్ర కోటు, తెల్ల గడ్డం, పొట్టకి దిండు. పిల్లలు ఒళ్ళో కూర్చుని కోరికలు చెబుతారు, నేను గంభీరంగా “ఆలోచిద్దాం” అంటాను. ప్రభుత్వంలో చేరడానికి ఇంతకన్నా శిక్షణ అక్కర్లేదని అమ్మ అంటోంది. నెలాఖరుదాకా పని. ఇరవై తొమ్మిదికి మాత్రం సెలవడిగాను, వస్తాను. కొండ మీద సమాధి దగ్గర పంచే గోధుమల గిన్నె నేనే మోస్తాను.

కమెన్

*

లోమ్, 19 డిసెంబరు 2001

కమెన్,

నీ ఉత్తరం ఫాదర్ మెతోదికి కూడా చదివి వినిపించాను. ప్రమాణం చేశావుగా, ఇంకెవడు కాదంటాడు?

ఆయన నలభయ్యో రోజు సంగతి మాట్లాడదామని వచ్చాడు.

“వెలిచ్కా, గోధుమలు ఏరించావా?”

“లేదు ఫాదర్.”

“మరి ఎప్పుడు? మనుషులకి చెప్పావా?”

“ఎవరికీ చెప్పలేదు. నలభయ్యో రోజు చెయ్యను.”

“అదేం మాట?”

“పిల్లవాడు ఊరు చూస్తున్నాడు. సగంలో లేపి రమ్మనడం దేనికి?”

ఆయన ఎర్రబడ్డాడు. పాపమన్నాడు. పంపించకుండా పట్టి ఉంచితే ఆత్మకి దారి దొరకదన్నాడు. నేను ఫొటో చూపించాను. కళ్ళజోడు పెట్టుకుని చూశాడు, తీసి చూశాడు. “ఎవరో మనిషి” అన్నాడు. “అవును, నా మనిషి” అన్నాను. కాఫీ తాగకుండా లేచి వెళ్ళిపోయాడు.

నువ్వే చెప్పు. ఆ రోజు గోధుమలు పంచి, సమాధి మీద సారా పోసి, ‘దేవుడు క్షమించుగాక, వెళ్ళు’ అంటే వాడు వెళ్ళిపోతాడు. అనకపోతే ఉంటాడు. ఏ తల్లి అంటుంది? వాడు పోయాడని ఊరికి తెలిసేలా తలుపు మీద అంటించిన కాయితం పీకేశాను. బస్టాపు దగ్గరది కూడా. రేవు గేటు దగ్గరది పీకుతుంటే కాపలావాడు చూశాడు. 

నిన్న రాత్రి నేను నిద్రపోయాను. వాడు పోయాక మొదటిసారి.

వాడి చేతులకి తొడుగులు లేవు, గమనించావా? అల్లి పంపుతున్నాను. జనవరిలో మళ్ళీ వియన్నా బస్సు ఉందట. మీ టీచరమ్మ లాంటివాళ్ళు ఎవరైనా వెళ్తే ఇచ్చి, చక్రం దగ్గర పెట్టించు. ఫొటో కూడా తీయించు. ఈసారి ముందు వైపు నుంచి.

నువ్వు ఇరవై తొమ్మిదికి రానక్కర్లేదు, ఏమీ లేదు కదా. సెలవు దాచుకో.

పెద్దమ్మ

*

సోఫియా, 22 డిసెంబరు 2001

పెద్దమ్మా,

ఈ ఉత్తరం రెండుసార్లు మొదలుపెట్టాను. రెండుసార్లూ “దివ్య సముఖమునకు” అని రాసి చింపేశాను.

ఆ మనిషి గెంకో. మా బస్సు రెండో డ్రైవరు. నా తల అడ్డంగా తిప్పినవాడే.

నేను అబద్ధపు ప్రమాణం చెయ్యలేదు. మీట నొక్కినప్పుడు నాకు ఎవరూ కనబడలేదు. కానీ నీ ఉత్తరం చదివాక నిన్న పెన్కా టీచరమ్మ ఇంటికి వెళ్ళాను. ఆవిడ కూడా అక్కడే, అప్పుడే, నా వెనక నుంచి ఒక ఫొటో తీసింది. అందులో చక్రం ఉంది, కెమెరా పట్టుకున్న నేనున్నాను, నాకు ముందు, ఎడమ పక్కగా, కొంచెం దూరంలో గెంకో ఉన్నాడు. ఆవిడ వైపు మొహం తిప్పి సాసేజీ కొరుకుతున్నాడు. నీలం టోపీ. ఆవిరి సాసేజీది కూడా కావచ్చు. ఆ ఫొటో ఇందులో పెట్టాను. చూడు.

నాకెందుకు కనబడలేదో ఆవిడే చెప్పింది. ఈ పాత కెమెరాల కంటిలో కనబడే దానికన్నా రీలు మీద ఎక్కువ పడుతుందట. అంచున ఉన్నవాళ్ళు మనకి తెలియకుండానే ఫొటోలోకి వచ్చేస్తారట. బోయాన్‌కి ఇది తెలిసే ఉంటుంది. నాకు తెలియలేదు. నాకు తెలిసిందల్లా జోకు వెయ్యడం. టికెట్ వాడి పేరు మీదే ఉంది అని రాశాను చూడు, దానికి నువ్వు నవ్వుతావని రాశాను. కాదు. అది నిజమైతే బాగుండునని రాశాను. నీ ఉత్తరం వచ్చిన రోజు నుంచీ ఆ చక్రం ఫొటో ఇంకో కాపీ తీయించి నా దిండు కింద పెట్టుకున్నాను. ఆ భుజం నాకూ వాడి భుజంలాగే ఉంది. పెన్కా టీచరమ్మ తన ఫొటో బల్ల మీద పెట్టినప్పుడు నేను ఆవిడని తిట్టాను. చదువుకున్నవాడిని, మూడో సంవత్సరం రెండుసార్లు చదువుతున్నవాడిని, ముసలావిడని తిట్టాను.

ఇదంతా నీకు చెప్పకుండా ఊరుకోవచ్చు. అమ్మ కూడా మొదట అదే అంది. “అక్క నిద్రపోతోంది కదా, పోనీరా” అంది. తర్వాత తనే ఏడ్చింది. జనవరిలో గెంకో మళ్ళీ వెళ్తాడు. ఎవరో ఒకరు ఫొటో తీస్తారు. ఈసారి ముందు వైపు నుంచి తీస్తే నువ్వేం చేస్తావు? తియ్యకపోతే, ప్రతి బస్సుకీ ఎదురుచూస్తూ, ఊరివాళ్ళ ఫొటోలన్నీ అడిగి తెప్పించుకుంటూ, ఎడమ అంచులు వెతుక్కుంటూ ఎన్నేళ్ళు కూర్చుంటావు? వాడు వియన్నాలో ఉంటే నేను నోరు మూసుకునేవాడిని. వాడు అక్కడ లేడు పెద్దమ్మా. లోమ్‌లో కొండ మీద ఉన్నాడు. ఆ పెట్టెలో ఉన్నది వాడే. నేను చూశాను. మీసంలో గడ్డి పరక ఉంటే తీశాను. ఆసుపత్రిలో గుర్తుపట్టడానికి వెళ్ళింది నేనే అని నీకు ఎవరూ చెప్పలేదు, నేను చెప్పొద్దన్నాను కనక.

శనివారానికి గోధుమలు నానబెట్టు. నేను వస్తాను.

కమెన్

*

లోమ్, 27 డిసెంబరు 2001

కమెన్,

పండగల మూలంగా నీ ఉత్తరం ఇవాళ వచ్చింది. ఈ ఉత్తరం సోఫియా బస్సు డ్రైవరు చేతికిస్తున్నాను.

క్రిస్మస్ ముందురాత్రి రొట్టె తుంచాను. దేవుడికి ఒక ముక్క, ఇంటికి ఒక ముక్క. బోయాన్ ముక్కని పోయినవాళ్ళ వైపు పెట్టలేదు. ఊరెళ్ళినవాళ్ళకి తీసినట్టు తీసి, గుడ్డ కప్పి, పక్కన పెట్టాను. నీ ఉత్తరం వచ్చేదాకా అది అక్కడే ఉంది.

ఫొటో చూశాను. మొహం గుండ్రంగా ఉంది. నలభై ఏళ్ళుంటాయి.

శనివారం మీ అమ్మ రానీ. నువ్వు రావద్దు.

వెలిచ్కా

*

సోఫియా, 30 డిసెంబరు 2001

పెద్దమ్మా,

రావద్దన్నావు, రాలేదు.

నిన్న పొద్దున్న మీరందరూ కొండ ఎక్కుతుంటారు అనుకునే వేళకి నేను షాపులో గడ్డం పెట్టుకుని కూర్చున్నాను. ఒక పాప ఒళ్ళోకి ఎక్కి తనకేం కావాలో చెప్పింది. నేను వినలేదు. మళ్ళీ చెప్పమన్నాను. మళ్ళీ వినలేదు. “ఈ తాతకి చెవుడు” అని వాళ్ళమ్మతో చెప్పి దిగిపోయింది. సాయంత్రం షాపు వాళ్ళు నన్ను పనిలోంచి తీసేశారు.

అమ్మ ఇంకా తిరిగి రాలేదు, మంచుకి రైళ్ళు ఆగిపోయాయి. ఎలా జరిగిందో, అసలు జరిగిందో లేదో నాకు తెలియదు. తిట్టడానికైనా సరే, ఒక్క ముక్క రాయి.

కమెన్

*

లోమ్, 3 జనవరి 2002

ఒరేయ్ కమెన్,

తిట్టడానికే రాస్తున్నాను. వాడిని గుర్తుపట్టడానికి వెళ్ళి, మీసంలో గడ్డి పరక తీసి, ఆ సంగతి కడుపులో పెట్టుకుని, అంత్యక్రియల రోజు దోనా టోపీ మీద జోకులేశావు. ఇరవై రెండేళ్ళ గాడిదవి. నాతో ఎందుకు చెప్పలేదు? నేనేమైపోతానని? చెప్పి ఉంటే నేను ఆ పెట్టెకి ముద్దు పెట్టినప్పుడు చెక్కకి పెడుతున్నానని అనుకోకపోదును.

జరిగింది. మోకాలిదాకా మంచు. మీ అమ్మా నేనూ గిన్నెని చెరో చెవి పట్టుకుని ఎక్కాం. రెండుసార్లు జారి పడబోయింది, రెండుసార్లూ నిన్నే తిట్టింది, మొయ్యడానికి లేవని. నేనే వద్దన్నానని తనకి చెప్పలేదు. రేవు నుంచి క్రేను వాళ్ళు అందరూ వచ్చారు. పని బట్టల్లోనే వచ్చారు. ఫాదర్ మెతోది నా మీద కోపం మరిచిపోలేదు గానీ గొంతు తగ్గించకుండా పాడాడు, అందుకు మెచ్చుకోవాలి.

పంచేటప్పుడు ఒక్కొక్కరూ గోధుమలు చేతిలో పోయించుకుని ‘దేవుడు క్షమించుగాక’ అంటున్నారు. నేను అనాలి చివర్న. నోరు తెరిస్తే రావడం లేదు. అందరూ నిలబడ్డారు. మంచు పడుతోంది. క్రేను వాళ్ళలో పెద్దాయన టోపీ తీసి చేత్తో పట్టుకుని, తల మీద మంచు పడుతుంటే దులుపుకోకుండా నిలబడ్డాడు. ఆయనకి జలుబు చేస్తుందని అనిపించింది నాకు. అందుకని అన్నాను. ఆ మాట అన్నాను కమెన్. బోయాన్ పేరు పెట్టి అన్నాను. ఆయన టోపీ పెట్టుకున్నాడు.

ఇంటికొచ్చాక మీ అమ్మ నన్ను పట్టుకుని పడుకుంది, చిన్నప్పటిలా. నిద్ర రాలేదు. ఇంక రాదేమో కూడా. ఫొటోలో గుండ్రటి మొహం చూసిన రోజు నుంచీ మళ్ళీ లేదు. నువ్వు పంపకుండా ఉండాల్సిందని రోజుకి ఒకసారి అనుకుంటాను. పంపినందుకు నిన్ను ఏమీ అనలేనని కూడా అనుకుంటాను. రెండూ ఒకేసారి ఎలా అనుకుంటానో నువ్వు చదువుకున్నవాడివి, నువ్వే చెప్పాలి.

శనివారాలు ఖాళీగా ఉంటే రా. ఉద్యోగం పోయిందిగా. వచ్చి, ఆసుపత్రిలో వాడెలా ఉన్నాడో నాకు చెప్పాలి. అంతా చెప్పాలి. జోకులు వేస్తే వెయ్యి, కానీ చెప్పు.

నిన్న వియన్నా ఫొటోలన్నీ మళ్ళీ తీసి బల్ల మీద పరిచాను. ఇన్నాళ్ళూ అంచులే చూశాను, ఊరు చూడనేలేదు. ఇప్పుడు చూశాను. మంచులో ట్రాములు, గుర్రం వీపు మీద మంచు, ఆ కోపిష్టి పిల్లి, ఎర్ర పెట్టెలు వేలాడే చక్రం. నువ్వు అన్నట్టే బీరువాలో పెట్టినట్టుంది. మొదటి నుంచి చివరిదాకా ఒక్కొక్కటీ నెమ్మదిగా చూశాను.

చాలా అందమైన ఊరురా కమెన్. అందులో వాడు ఎక్కడా లేడు.

మీ పెద్దమ్మ